పేరు లేని ఫోటోలు

హైదరాబాదు నగరంలో పురానాపూల్ సమీపాన ప్రతి గురువారం ఒక సంత జరుగుతుంది. దాని పేరు జుమ్మేరాత్ బజారు. ఉర్దూలో జుమ్మేరాత్ అంటే గురువారమే. అక్కడ అమ్మే వస్తువులు చాలావరకు ఇంకొకరు వాడి వదిలేసినవి. చెవులు లేని తాళాలు, తాళాలు లేని చెవులు, ఆగిపోయిన గడియారాలు, సొట్టలు పడిన ఇత్తడి బిందెలు, పలకని రేడియోలు గోనెపట్టాల మీద పరిచి ఉంటాయి.

2017లో ఒక గురువారం ఉదయం నేను ఆ సంతలో తిరుగుతున్నాను. ఒకచోట పది పన్నెండు పటాలు గోడకు ఆనించి ఉన్నాయి. వాటిలో ఒక పటం దగ్గర నా కాళ్ళు ఆగిపోయాయి. మంచి టేకు చట్రం. లోపల ఇద్దరు ఆడపిల్లల ఫోటో. పెద్దపిల్లకు పదేళ్ళుంటాయేమో, కుర్చీ పక్కన నిలబడి ఉన్నది. చిన్నపిల్లకు ఆరేళ్ళు దాటి ఉండవు. కుర్చీలో కూర్చున్నది గాని, కాళ్ళు నేలకు అందటం లేదు. అక్క తన చేతిని చెల్లెలి భుజం మీద గట్టిగా అదిమి పట్టుకున్నది. "కదిలావో, చూడు!" అన్నట్టుగా ఉన్నది ఆ పిల్ల ముఖం.

"దీని వెల ఎంత?" అని అడిగాను.

"మూడు వందలు, సాబ్. అసలైన టేకు," అన్నాడు అమ్మేవాడు.

"నాకు చట్రం వద్దు. ఫోటో కావాలి."

అతను నా వంక వింతగా చూశాడు. పటం బోర్లించి, మేకులు ఊడదీసి, ఫోటోను బయటికి లాగి నా చేతిలో పెట్టాడు.

"దీనికి డబ్బేమిటి, సాబ్! ఎలాగూ పారేసేదే. లోపల ఎవరి ఫోటోనో ఉంటే చట్రాన్ని ఎవరూ కొనరు," అన్నాడు.

చట్రానికి మూడు వందలు. అందులో ఉన్న ఇద్దరు పిల్లలకు ఏమీ లేదు! అతన్ని అనటానికి లేదు. వాళ్ళు ఎవరో అతనికి తెలియదు. నాకూ తెలియదు. ఫోటో వెనక్కు తిప్పి చూశాను. ఒక స్టూడియో ముద్ర ఉన్నది గాని, పేర్లు మాత్రం లేవు.

పిల్లలూ, కొందరు తపాలా బిళ్ళలు పోగుచేస్తారు. కొందరు పాత నాణాలు పోగుచేస్తారు. నేను ఇలాటి ఫోటోలు పోగుచేస్తాను. నా దగ్గర ఇప్పుడు నూటికి పైగా ఉన్నాయి. అందులో ఒక్కరు కూడా మా చుట్టాలు కారు. వాటి సంగతి మీకు కొంచెం చెబుతాను.

ఫోటోలు సంతకు ఎలా వస్తాయి?

ఏ ఇంట్లోనూ ఎవరూ పనిగట్టుకుని తాతగారి ఫోటోను అమ్ముకోరు. అది నెమ్మదిగా జరుగుతుంది. ముందు ఇంటికి సున్నం వేస్తూ పటాలను గోడ మీది నుంచి దించుతారు. తిరిగి తగిలించేటప్పుడు నాలుగు తగిలించి, రెండు అటక మీద పెడతారు. కొన్నేళ్ళకు వాటిని గుర్తుపట్టే పెద్దవాళ్ళు పోతారు. తరవాత ఇల్లు అమ్ముతారు, లేదా పడగొట్టి కొత్తది కడతారు. అటక మీది సామానంతా పాత సామాన్లు కొనేవాడికి తూకానికి వేస్తారు. అతను ఇనుము ఒక కొట్టుకు, కాగితాలు ఒక కొట్టుకు, చట్రాలు మరొక కొట్టుకు అమ్ముతాడు. ఎవరికీ అక్కరలేక మిగిలేది ఫోటో ఒక్కటే.

పేరు తెలిసిన ఫోటోను పారెయ్యటానికి ఎవరికైనా చెయ్యి రాదు. "ఇది ఎవరో!" అనుకున్న మరుక్షణం అది చిత్తు కాగితమైపోతుంది.

వెండితో గీసిన బొమ్మ

ఈ చిత్తు కాగితంలో ఏమున్నదో చూద్దాం. పాతకాలపు నలుపు తెలుపు ఫోటోలో నల్లగా కనిపించేది సిరా కాదు, రంగూ కాదు. అది వెండి! వెండితో తయారయ్యే కొన్ని లవణాలకు ఒక గుణం ఉన్నది. వెలుతురు తగిలితే అవి మార్పు చెంది నల్లని వెండి రేణువులవుతాయి. ఈ గుణాన్ని పట్టుకునే ఫోటోలు తీయటం నేర్చుకున్నారు. ఫ్రాన్సు దేశంలో డాగైర్ అనే ఆయన కనిపెట్టిన పద్ధతిని 1839లో లోకానికి ప్రకటించారు. ఆ తరవాత ఎంతో ఆలస్యం కాకుండానే ఆ విద్య మన దేశానికి కూడా వచ్చేసింది.

1850 నుంచి చాలా ఏళ్ళు ఫోటోల కాగితానికి కోడిగుడ్డు తెల్లసొన పూసేవారు. అందులో ఉప్పు కలిపి పూసి, ఆరిన తరవాత వెండి లవణపు నీళ్ళలో తడిపితే, ఆ కాగితం ఫోటోకు సిద్ధమయేది. ఐరోపాలో ఈ కాగితం తయారు చేసే కర్మాగారాలు రోజూ వేల గుడ్లు పగలగొట్టేవి! బాగా పాత ఫోటోలు తేనె రంగులోకి మారి, దగ్గరగా చూస్తే సన్నని నెర్రెలు కనిపించటానికి ఆ తెల్లసొన ఒక కారణం.

ఇంకొక కారణం కూడా ఉన్నది. మీ అమ్మగారి వెండి కుంకుమభరిణె కొన్నాళ్ళు తోమకపోతే నల్లబడటం చూశారు కదా? గాలిలో ఉండే గంధకపు ఆవిర్లు వెండిని పట్టుకోవటం వల్ల అలా జరుగుతుంది. ఫోటోలో ఉన్న వెండికి కూడా అదే గతి పడుతుంది. అయితే భరిణెను చింతపండుతో తోమవచ్చు గాని, ఫోటోను తోమటానికి లేదు!

పాత ఫోటోల్లో ఎవరూ నవ్వరెందుకు? మొదటి రోజుల్లో ఫోటో పడటానికి చాలాసేపు పట్టేది. తరవాత్తరవాత కూడా కొన్ని క్షణాలు బిగబట్టి ఉండవలసిందే. కదిలితే ముఖం అలుక్కుపోయేది. అంచేత తల కదలకుండా వెనక ఒక ఇనప కడ్డీ ఆనించేవారు. అంతసేపు నవ్వు పట్టి ఉంచటం మాటలా? పైగా ఫోటో తీయించుకోవటం ఆ రోజుల్లో పెద్ద పండగ. జన్మకొక్కసారి తీయించుకునే ఫోటోకు గంభీరంగా ఉండటమే మర్యాద అనుకునేవారు.

మరొక వింత. నా దగ్గర ఉన్న పాత ఫోటోల్లో ముత్తయిదువుల నుదుట బొట్టు బొగ్గులా నల్లగా ఉంటుంది. వాళ్ళు పెట్టుకున్నది ఎర్రని కుంకుమే. అయితే పాతకాలపు గాజు పలకలకు నీలి వెలుతురు బాగా తగిలేది. ఎరుపు అసలు తగిలేది కాదు. అందుచేత ఎర్రని వస్తువు నల్లగాను, నీలి వస్తువు తెల్లగాను పడేవి. నీలాకాశం తెల్లకాగితంలా కనిపించేది కూడా ఇందుకే. ఇది మీరే చేసి చూడవచ్చు. ముదురు నీలం రంగు గాజు కాగితం ఒకటి కంటికి అడ్డం పెట్టుకుని, మీ అమ్మగారి బొట్టును చూడండి. ఎర్రని బొట్టు నల్లబడుతుంది. నూరేళ్ళ కిందటి ఫోటోగ్రాఫరు పలకకు లోకం సుమారుగా అలా కనబడేదన్నమాట.

మన ప్రాంతంలో ఈ విద్యకు పెద్ద పేరు తెచ్చినవాడు లాలా దీన్ దయాళ్. ఆయన 1844లో పుట్టాడు. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థానంలో ఫోటోగ్రాఫరుగా ఉండేవాడు. ఆయన సికిందరాబాదులో స్టూడియో పెట్టాడు. ఘోషా స్త్రీలు మగవాళ్ళ ఎదుటికి రారు గనక, 1892లో హైదరాబాదులో వాళ్ళకోసం ప్రత్యేకంగా ఒక స్టూడియో తెరిచి, అక్కడ ఫోటోలు తీసే పని ఒక ఇంగ్లీషు స్త్రీకి అప్పగించాడు. దీన్ దయాళ్ 1905లో పోయాడు. ఆయన తీసిన రాజుల ఫోటోలకు, కోటల ఫోటోలకు పేర్లున్నాయి. వాటిని భద్రంగా దాచారు. పేర్లు పోయినవి మనలాటి మామూలు మనుషుల ఫోటోలే.

డిటెక్టివు పని

పేరు లేని ఫోటో చేతికి వస్తే నేను భూతద్దం తీసుకుని కూర్చుంటాను. మీరూ చేయగలరు. ముందు ఫోటోను అంచులతో మాత్రమే పట్టుకోవాలి. తరవాత వెనక్కు తిప్పాలి. ముందు వైపు కన్న వెనక వైపు ఎక్కువ సంగతులు చెబుతుంది.

దళసరి అట్టకు అంటించిన చిన్న ఫోటో, సుమారు రెండున్నర అంగుళాల వెడల్పు, నాలుగు అంగుళాల పొడవు ఉంటే, అది చాలా పాతదని అనుకోవచ్చు. ఈ కొలతను పారిస్ నగరంలో డిస్డేరీ అనే ఫోటోగ్రాఫరు 1854లో ప్రవేశపెట్టాడు. జనం ఆ ఫోటోలను చుట్టాలకు పంచేవారు. తరవాత నాలుగుంబావు అంగుళాల వెడల్పు, ఆరున్నర అంగుళాల పొడవు గల పెద్ద అట్టలు వచ్చాయి. అంచులు రంపపు పళ్ళలా కత్తిరించిన ఫోటోలు ఎక్కువగా 1930కీ 1960కీ మధ్య కాలానివి. ఎర్రబారిపోయిన రంగు ఫోటో అయితే సుమారు 1970 తరవాతది కావచ్చు. ఆ కాలపు రంగు ఫోటోల్లో కొన్ని రంగులు ముందుగా వెలిసిపోయి, ఎరుపు మిగులుతుంది.

ఇక స్టూడియో ముద్ర. అందులో ఊరి పేరు ఎలా రాసి ఉన్నదో చూడండి. విజయవాడను బెజవాడ అనీ, కాకినాడను కోకనాడ అనీ రాసి ఉంటే అది పాతకాలపు ముద్ర. అడ్రసు చివర ఆరు అంకెల పిన్ కోడ్ ఉంటే, ఆ ముద్ర 1972 ఆగస్టు 15కు ముందుది కానే కాదు. మన దేశంలో పిన్ కోడ్ ఆ రోజునే మొదలయింది. చూశారా? ఆరు అంకెలు ఒక ఫోటో వయసు చెబుతున్నాయి!

అయితే డిటెక్టివుకు తొందరపాటు పనికిరాదు. ఒక ఫోటోలో కోటు తొడుక్కున్న యువకుణ్ణి చూసి, "కలవారి బిడ్డ!" అనుకున్నాను. భూతద్దంలో చూస్తే ఆ కోటు భుజాలు జారిపోయి ఉన్నాయి, చేతులు వేళ్ళ దాకా వచ్చాయి. అది స్టూడియోవాళ్ళు ఎరువిచ్చిన కోటు. చాలా స్టూడియోల్లో ఒక కోటు, ఒక గడియారం, రెండు లావుపాటి పుస్తకాలు సిద్ధంగా ఉండేవి. వచ్చినవాళ్ళు ఆ కాసేపు దొరలై, పండితులై ఫోటో తీయించుకుని వెళ్ళేవారు.

బందరు ప్రయాణం

ఆ ఇద్దరు ఆడపిల్లల ఫోటో వెనక ముద్రలో ఊరి పేరు ఇంగ్లీషు అక్షరాలతో "మసూలిపటం" అని ఉన్నది. మచిలీపట్నాన్ని, అంటే మన బందరును, ఇంగ్లీషువాళ్ళు అలా రాసేవారు. పిన్ కోడ్ లేదు. పిల్లల వెనక ఒక బొమ్మల తెర ఉన్నది. దాని మీద పాలరాతి మెట్లు, స్తంభం, పూలకుండీ చిత్రించి ఉన్నాయి.

ఆ ఏడు దసరా సెలవుల్లో బందరు వెళ్ళాను. కోనేరు సెంటరులో దిగి, అడ్రసు అడుగుతూ ఆ వీధికి చేరాను. స్టూడియో లేదు. ఆ గదిలో ఇప్పుడు సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు ఉన్నది. కొట్టు అబ్బాయి స్టూడియో యజమానికి మనమడే!

"తాతగారు తీసిన ఫోటోల గాజు పలకలు ఏమైనా ఉన్నాయా, నాయనా?" అని అడిగాను.

"రెండు బీరువాలనిండా ఉండేవట, సార్. స్టూడియో మూసేశాక మా నాన్న వాటిని వేడినీళ్ళతో కడిగించి, పటాలు కట్టేవాళ్ళకు అద్దాలుగా అమ్మేశారు," అన్నాడు ఆ అబ్బాయి.

అంటే ఆ ఊళ్ళో ఎవరి ఇంట్లోనో, ఏ దేవుడి పటానికో, ఆ పిల్లల గాజు పలకే అద్దంగా ఉండి ఉండవచ్చు!

ఆ అబ్బాయి నా ఫోటో చూసి తల అడ్డంగా ఆడించాడు. తరవాత ఏదో తోచి, "వీధి చివర మామ్మగారున్నారు, సార్. ఈ వీధిలో ఆవిడకన్న పెద్దవాళ్ళు లేరు," అన్నాడు.

మామ్మగారికి ఎనభై నాలుగేళ్ళు. అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నారు. పక్కన ఆవిడ మునిమనవరాలు, పదేళ్ళ పిల్ల, బొంగరం చుట్టుకుంటున్నది. ఫోటో ఇచ్చాను. మామ్మగారు దాన్ని వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూశారు.

"పిల్లలను నేనెరగను, బాబూ. కాని ఈ మెట్లు ఎరుగుదును. ఎక్కటానికి లేని మెట్లు! నా పెళ్ళి ఫోటోలో కూడా ఇవే ఉన్నాయి," అని ఆవిడ నవ్వి, మునిమనవరాలిని లోపలికి పంపారు.

పిల్ల ఒక రేకు పెట్టె మోసుకొచ్చింది. అందులోనుంచి 1951 నాటి ఫోటో బయటికి వచ్చింది. ఆ మెట్లే, ఆ స్తంభమే, ఆ కుండీయే! నేను సంతోషంతో రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టాను. నా భూతద్దం అప్పటికే ఆ పిల్ల చేతిలోకి వెళ్ళిపోయింది.

"తాతగారూ! తాతమ్మ ఫోటోలో కుండీ పక్కన తెర చిరిగితే కుట్టారు. మీ ఫోటోలో చిరుగు లేదు!" అన్నది ఆ పిల్ల.

నిజమే! కుండీ పక్కన ఒక సన్నని కుట్టు గీత. నేను పది రోజులు ఆ ఫోటోతో కుస్తీ పట్టి చెప్పలేనిది ఆ పిల్ల ఒక్క నిమిషంలో చెప్పింది. తెర చిరగక ముందు తీసిన ఫోటో గనక, నా ఇద్దరు ఆడపిల్లలూ 1951కి ముందువాళ్ళు. ఇవాళ ఉంటే వాళ్ళు కూడా ముసలివాళ్ళే అయి ఉంటారు.

అంతలో పిల్ల పెళ్ళి ఫోటో చూస్తూ, "తాతమ్మా, వీళ్ళంతా ఎవరు?" అని అడిగింది. ఆ పెట్టె ఎన్నిసార్లు తెరిచినా ఆ ప్రశ్న అంతకు ముందు ఎవరూ అడగలేదట. మామ్మగారు ఒక్కొక్కరినీ వేలు పెట్టి చూపించారు. "వీరు మీ ముత్తాతగారు. ఇది నేను. ఈవిడ మా అత్తగారు. ఈయన మా మేనమామ. ఇది..." అని ఆగిపోయారు.

మామ్మగారి పక్కనే, ఆవిడ కొంగు పట్టుకుని, ఏడెనిమిదేళ్ళ పిల్ల నిలబడి ఉన్నది. తోడి పెళ్ళికూతురు!

"అయ్యో, దీని పేరేమిటి? మూడు రోజులు నా పక్కనే కూర్చున్నది. నా పళ్ళెంలోనే తిన్నది. రాత్రి నా పక్కలోనే పడుకున్నది. పేరు నోటి చివర ఉన్నది, రావటంలేదు," అన్నారు మామ్మగారు. ఆవిడ చిక్కుడుకాయలు పక్కకు పెట్టేశారు. సాయంకాలం దాకా ఆ పేరు రాలేదు. నేను సెలవు తీసుకుని బస్సు ఎక్కాను.

ఎందుకింత తాపత్రయం?

ఎవరి పిల్లలకోసమో ఈ ముసలాయన ఊళ్ళు తిరగటమేమిటని మీకు అనుమానం రావచ్చు. దానికి జవాబు మా ఇంట్లోనే ఉన్నది.

నా చిన్నతనంలో మా ఇంటి వసారాలో వరసగా ఏడు పటాలు ఉండేవి. ఆరింట్లో పెద్దవాళ్ళు. ఏడోది చిన్నది. అందులో ఒక పసిపిల్ల ఉండేది. మా నాయనమ్మ ప్రతి శుక్రవారం ఆ ఏడో పటానికి మాత్రం ఒక నందివర్ధనం పువ్వు పెట్టేది. నేను రోజూ ఆ పటం కిందే కూర్చుని ఎక్కాలు వల్లించాను. ఆ పిల్ల ఎవరని ఒక్కనాడూ అడగలేదు. నాయనమ్మ పోయింది. నాన్న పోయాడు. 1994లో అమ్మ కూడా పోయాక ఇల్లు అమ్మవలసి వచ్చింది. ఇల్లు ఖాళీ చేసిన రోజున పాత సామాన్లవాడికి ఇనప బకెట్లతో పాటు ఆ పటాలు కూడా నేనే నా చేతులతో ఇచ్చాను. ఇరవై రూపాయలు వచ్చినట్టు గుర్తు.

ఆ తరవాత ఒకనాడు మా అమ్మాయి బళ్ళో వంశవృక్షం గీసుకురమ్మన్నారు. "నాన్నా, నాయనమ్మకు ఎంతమంది పిల్లలు?" అని అడిగింది. నేను జవాబు చెప్పబోయి ఆగిపోయాను. ఆ ఏడో పటం కళ్ళ ముందు మెదిలింది. ఆ పిల్ల మా మేనత్తా? లేక నాకు అక్కా? ఎన్నేళ్ళు బతికింది? చెప్పేవాళ్ళెవరూ మిగలలేదు. ముప్ఫయి ఏళ్ళకు పైగా బడిలో వేలమంది పిల్లల పేర్లు హాజరు పట్టీ చూడకుండా పిలిచినవాణ్ణి, మా ఇంటి పిల్ల పేరు ఒక్కటి తెలుసుకోలేకపోయాను.

పాత సామాన్ల కొట్లలో నేను మొదట వెతికింది ఆ పటం కోసమే. అది దొరకలేదు. ఇక దొరకదు కూడా. వెతుకుతూ ఉండగా మిగతా వాళ్ళ పిల్లలు దొరికారు.

పేరు ఒక్కటి ఉంటే

ఒక్క పేరు ఎంత పని చేస్తుందో చూడండి. అమెరికాలో షికాగో నగరంలో 2007లో జాన్ మలూఫ్ అనే యువకుడు వేలం పాటలో ఒక పెట్టెడు నెగటివులు కొన్నాడు. అద్దె కట్టనందువల్ల గోదాములోనుంచి వేలానికి వచ్చిన సామాను అది. వీధుల్లో తిరిగే మామూలు మనుషుల ఫోటోలు, ఎంతో బాగున్నాయి. తీసినదెవరో తెలియదు. ఆ సామానులోనే వివియన్ మయ్యర్ అనే పేరు కనిపించింది. 2009లో ఆ పేరును పట్టుకుని వెతగ్గా, ఆవిడ కొన్నాళ్ళ కిందటే చనిపోయినట్టు తెలిసింది. ఆవిడ ధనికుల ఇళ్ళలో పిల్లలను పెంచే ఆయాగా పనిచేసింది. సెలవు దొరికినప్పుడల్లా ఫోటోలు తీసింది. లక్షకు పైగా తీసి, దాదాపు ఎవరికీ చూపలేదు. ఇవాళ ఆవిడ ఫోటోలు దేశదేశాల్లో ప్రదర్శిస్తున్నారు. ఆ పేరు కాస్తా కనిపించకపోతే, అవి ఎవరో తీసిన ఫోటోలుగానే మిగిలిపోయేవి.

అయితే ఒక మాట. పేరు తెలియనప్పుడు పేరు కల్పించరాదు. నా సంచిలో ఉన్నవాళ్ళకు నేను పేర్లు పెట్టలేదు. వాళ్ళ బట్టలనూ ముఖాలనూ చూసి ఎగతాళి చెయ్యటం కూడా తప్పు. వాళ్ళు ఆ ఫోటో తమ ఇంటివారికోసం తీయించుకున్నారు గాని, మన వినోదానికి కాదు. అందుకే నేను వాటిని సెల్‌ఫోనులో నలుగురికీ పంపను. ఒక్కొక్కటీ ఒక్కొక్క కాగితపు సంచిలో వేసి, ఎక్కడ దొరికింది, ఏ రోజు దొరికింది, వెనక ఏమున్నది రాసి పెడతాను. సొంతవారు ఎప్పుడు వస్తే అప్పుడు ఇచ్చేస్తాను.

మీరు చేయవలసిన పని

వచ్చే ఆదివారం మీ ఇంట్లో ఉన్న పాత ఫోటోలన్నీ బయటికి తీయించండి. చేతులు కడుక్కుని, తుడుచుకుని, బల్ల మీద పరవండి. ఇంట్లో అందరికన్న పెద్దవారిని పక్కన కూర్చోబెట్టుకోండి. ఒక్కొక్క ఫోటో చూపించి నాలుగు ప్రశ్నలు వెయ్యండి: ఇందులో ఎవరెవరున్నారు? ఏ ఊళ్ళో తీశారు? ఏ సంవత్సరం? ఎందుకు తీయించుకున్నారు? సంవత్సరం గుర్తులేకపోతే, "పెద్ద తుఫాను వచ్చిన ఏడా, ముందా?" అని అడగండి. పెద్దవాళ్ళకు అంకెల కన్న సంఘటనలు బాగా గుర్తుంటాయి.

చెప్పిన జవాబు ఫోటో వెనక, అంచు దగ్గర, మెత్తని పెన్సిలుతో నెమ్మదిగా రాయండి. ఒత్తి రాస్తే అక్షరాలు ముందువైపుకు పొడుచుకు వస్తాయి. సిరా కలం వాడకండి. సిరా కాగితంలోకి ఇంకి బొమ్మను పాడుచేస్తుంది. వెనక నున్నగా ఉండి పెన్సిలు పడకపోతే, కాగితపు సంచిలో పెట్టి సంచి మీద రాయండి. "అమ్మ", "తాత" అని రాస్తే చాలదు. ఎవరి అమ్మ? ఎవరి తాత? పేరూ ఇంటిపేరూ రాయాలి.

తడిబట్టతో తుడవకండి. జిగురుండే ఆల్బములలో అంటించకండి. ప్లాస్టిక్ పూత వేయించకండి. అద్దానికి అంటుకుపోయిన ఫోటోను లాగకండి, చిరుగుతుంది, అద్దంతోనే ఉంచండి. ఎండ, తడి, వంటింటి పొగ తగలని చోట దాచండి. సెల్‌ఫోనుతో నకలు తీసుకోవచ్చు. నీడపట్టున, ఫ్లాష్ లేకుండా, ముందూ వెనకా రెండు వైపులా తీయండి. సెల్‌ఫోనులో ఉన్న మీ ఫోటోలకు కూడా ఇదే సూత్రం. వేలకొద్దీ ఉన్నాయని మురిసిపోకండి. ఏడాదికి పది మంచివి ఎంచి, అచ్చు వేయించి, వెనక పేర్లు రాయించండి.

బందరు నుంచి వచ్చిన ఇరవై రోజులకు నాకు ఫోను వచ్చింది. మామ్మగారి మునిమనవరాలు!

"తాతగారూ, ఇవాళ తెల్లవారుజామున తాతమ్మకు గుర్తొచ్చింది! నన్ను నిద్రలేపి మరీ చెప్పింది. మళ్ళీ మరిచిపోతుందేమోనని అప్పుడే దీపం వేసుకుని పెన్సిలుతో రాసేశాను," అన్నది.

ఆ తోడి పెళ్ళికూతురు పేరు నాకూ చెప్పింది. మీకు చెప్పను. అది వాళ్ళ ఇంటి సొత్తు. ఇప్పుడా ఫోటో ఏ చేతిలో పడ్డా, ఏ సంతకు పోయినా, ఐదుగురికీ ఐదు పేర్లున్నాయి.

నా ఇద్దరు ఆడపిల్లల పేర్లు మాత్రం ఇంకా తెలియలేదు. ఆ ఫోటో నా దగ్గర జాగ్రత్తగా ఉన్నది. అక్క ఇప్పటికీ చెల్లెలిని కదలనివ్వటం లేదు.

పెన్సిలు చెక్కి సిద్ధంగా పెట్టుకోండి, పిల్లలూ. ఆదివారం ఎంతో దూరం లేదు.